పరుగు గెలిచి, ఫారం దగ్గర ఓడి

పుంగనూరు, పలమనేరు, కుప్పం, సత్యవేడు పల్లెల్లో కోడి కూయకముందే రోడ్డెక్కి పరుగు తీసే కుర్రాళ్లకు సైన్యమంటే గౌరవం, దానితోపాటు నెలనెలా చేతికందే జీతం. సైనిక నియామక ర్యాలీలో 1.6 కిలోమీటర్లు ఐదున్నర నిమిషాల్లో పూర్తిచేస్తే పూర్తి మార్కులు. బీమ్‌పై పది పుల్‌అప్‌లు, తొమ్మిది అడుగుల కందకం సాధనతో లొంగేవే. లొంగనిది ఆ తర్వాత వచ్చే కాగితం. ఎప్పుడైనా అరెస్టయ్యారా, జరిమానా పడిందా, కేసు పెండింగులో ఉందా అని అది అడుగుతుంది. జాతరలో జరిగిన కొట్లాటలో పేరెక్కినవాడు అక్కడ ఏం రాయాలి? ‘లేదు’ అని రాసెయ్, మిగతాది మేం చూసుకుంటాం అని చెప్పేవాళ్లకు మాత్రం ఊరూరా కొదవ లేదు.

ఆ మాట నమ్మితే మునిగినట్టే. పెద్దవాళ్ల నేర చరిత్రను చెరిపివేసే ప్రత్యేక చట్టమేదీ మన దేశంలో లేదు. కొంత కాలం గడిచాక పాత చిన్న శిక్షలను లెక్కలోకి తీసుకోకూడదని బ్రిటన్ 1974లోనే చట్టం చేసుకుంది. మన శాసనకర్తలకు ఆ ఆలోచనే రాలేదు. ఇక్కడ ఉన్న దారులు వేరు. రాజీకి వీలున్న కేసయితే లోక్ అదాలత్‌లో రాజీ పడవచ్చు. చట్టం దృష్టిలో అది నిర్దోషిగా విడుదలైనట్టే. రాజీకి వీల్లేని కేసును కొట్టివేయాలని హైకోర్టును కోరవచ్చు. విచారణ ఎదుర్కొని బయటపడవచ్చు. ఈ మూడింటిలో ఏదైనా కేసును ముగిస్తుందే గానీ, ఆ కేసు అసలు లేనేలేదని ఎవరూ ధ్రువపత్రం ఇవ్వరు. ‘రికార్డు మాఫీ’ చేయిస్తామని వేలకు వేలు అడిగేవాడు అమ్ముతున్నది గాలి.

అంతకంటే పెద్ద నష్టం మరోచోట జరుగుతోంది. పేకాడుతూ పట్టుబడినా, మందు తాగి బండి నడిపినా కోర్టు హాలు బయట వినిపించే సలహా ఒక్కటే: ‘ఒప్పుకో, ఫైను కట్టు, ఈ పూటతో అయిపోతుంది.’ వాయిదాల చుట్టూ తిరిగే ఓపిక, బస్సు చార్జీలు లేనివాడికి అది వరంలాగే కనిపిస్తుంది. కాని నేరం ఒప్పుకుని జరిమానా కట్టడమంటే శిక్ష పడటమే. పోరాడితే కొట్టేసే అవకాశమున్న కేసు ఆ రోజుతో శిక్ష పడిన కేసుగా మారుతుంది. మొదటిసారి చిన్న తప్పు చేసినవారిని మందలించి వదిలేయడానికి 1958 నాటి నేరస్థుల ప్రొబేషన్ చట్టం వీలు కల్పిస్తోంది. అలా వదిలిన వారికి, శిక్ష పడినందువల్ల చట్టపరంగా అంటుకునే అనర్హత వర్తించదని అదే చట్టంలోని 12వ సెక్షన్ చెబుతోంది. మన కోర్టుల్లో ఈ చట్టం కింద అర్జీ పెట్టమని ఇరవై ఏళ్ల కుర్రాడికి ఎంతమంది వకీళ్లు చెబుతున్నారు?

ఫారంలో దాచడం గురించి సుప్రీంకోర్టు 2016లో అవతార్ సింగ్ కేసులో స్పష్టంగానే చెప్పింది. చిన్న వయసులో నినాదాలు చేసినందుకు నమోదైన కేసు లాంటి అల్పమైన దాన్ని దాచినా, యజమాని తన విచక్షణతో దాన్ని పట్టించుకోకుండా వదిలేయవచ్చు. తీవ్రమైన కేసు దాస్తే ఉద్యోగం పోవచ్చు. అయితే ఆ తీర్పులోనే రెండో వైపు ఉంది. నిజం చెప్పినంత మాత్రాన ఉద్యోగం ఇచ్చితీరాలని లేదు. పూర్వాపరాలు చూసి కాదనే హక్కు యజమానికి ఉంటుంది. దాచినవాడికి భయం, చెప్పినవాడికీ భయమే. దళారీకి పని దొరుకుతున్నది ఈ సందులోనే.

పద్దెనిమిదేళ్లు నిండకముందు జరిగిన వాటి సంగతి వేరు. 2015 బాలల న్యాయ చట్టం 24వ సెక్షన్ ప్రకారం, పెద్దవారిగా పరిగణించి విచారించిన ఘోర నేరాలు మినహా, ఆ చర్యల వల్ల భవిష్యత్తులో అనర్హత ఉండకూడదు. అప్పీలు గడువు ముగిశాక రికార్డులు ధ్వంసం చేయాలి కూడా. పదిహేడున్నర ఏళ్లకే సైన్యం తలుపు తెరుస్తోంది కనుక మన పిల్లల్లో చాలామందికి పనికొచ్చే నిబంధన ఇది. రికార్డు గదిలో ఆ ఫైలు నిజంగా పోయిందా లేదా అన్నది మాత్రం ఎవరూ అడగరు.

పోలీసుల చేతిలో ఉన్నదీ తక్కువేమీ కాదు. 2023 ఆగస్టులో పుంగనూరు అల్లర్ల తర్వాత నిందితుల సంఖ్య వందల్లోకి వెళ్లింది. పోలీసులపై రాళ్లు రువ్వినవారిని ఎవరూ వెనకేసుకు రారు. అడవిలో ఎర్రచందనం ముఠాకు పైలట్ బండి నడిపినవాడికి సైన్యంలో చోటు కావాలని కూడా మేం అడగడం లేదు. కాని ఎఫ్‌ఐఆర్ చివర ‘మరికొందరు’ అని రాసి, ఆ ఖాళీలో తర్వాత తీరిగ్గా పేర్లు నింపే అలవాటు మాటేమిటి? చంద్రగిరి దగ్గరి రంగంపేటలో జల్లికట్టు తరహా పశువుల పండుగకు అనుమతి లేదని పోలీసులు చెప్పడం, అది యథావిధిగా సాగడం ఏటా చూస్తున్నదే. ఇలాంటి చోట కేసు రాస్తే అందులో ఎవరి పేరు పడుతుందన్నది ఆ రోజు ఎదురుపడిన అదృష్టం. సైన్యంలో నాలుగేళ్ల ఉద్యోగమిచ్చే అగ్నిపథ్ పథకంపై నిరసనల్లో 2022 జూన్‌లో సికింద్రాబాద్ స్టేషన్ తగలబడిన రెండు రోజులకే, ఎఫ్‌ఐఆర్ ఉంటే అగ్నివీరులుగా చేరడం కుదరదని సైనికాధికారులు ప్రకటించారు. ఒక్క ఎఫ్‌ఐఆర్‌కు అంత బరువున్నప్పుడు అందులో పేరు రాసే కలానికీ అంత జాగ్రత్త ఉండాలి.

తిరుపతి, చిత్తూరు జిల్లాల ఎస్పీలు చేయగలిగింది ఒకటుంది. ప్రవర్తన ధ్రువీకరణ నివేదికలో ‘కేసు ఉంది’ అని ఒక్క ముక్క రాసి పంపకుండా, ఏ సెక్షన్, ఏ స్థితిలో ఉంది, రాజీనా, కొట్టివేతా, జరిమానాయా అన్నది తేదీతో సహా రాయించాలి. నియామకాలకు వయసు ఇరవై ఒకటి, ఇరవై రెండు దగ్గరే దాటిపోతుంది గనుక అలాంటి అభ్యర్థుల చిన్న కేసులను మేజిస్ట్రేట్లు ముందుగా తేల్చాలి. కేసు సంగతి దాచకుండా చెప్పిన అభ్యర్థిని తిరస్కరిస్తే, కారణం రాతపూర్వకంగా ఇవ్వాలని రక్షణ శాఖ ఆదేశించాలి. ఫారం నింపే ముందు ఎవరిని అడగాలో తెలియని కుటుంబాలకు పేదరికం అడ్డురాకుండా ఉచిత న్యాయవాదిని ఇవ్వాల్సింది జిల్లా న్యాయసేవాధికార సంస్థ. వచ్చే ర్యాలీ ప్రకటనకు ముందే ఆ వకీళ్లు కోర్టు ఆవరణ దాటి, కుర్రాళ్లు పరుగు తీసే మైదానాలకు ఒక ఉదయం వెళ్లాలి.