మొదటి తొట్టెకు గప్పీయా, ప్లాటీయా?

గుడ్లు పెట్టకుండా నేరుగా పిల్లల్ని కనే చేపల్లో కొత్తవాళ్ల కంట ముందు పడేవి నాలుగు: గప్పీ, ప్లాటీ, మోలీ, స్వోర్డ్‌టెయిల్. 60 లీటర్ల తొట్టె, స్పాంజ్ ఫిల్టర్, హీటర్ సిద్ధం చేసుకున్నవాళ్లు వీటిలో ఏది తెచ్చుకోవాలన్నదే ఈ వాదం.

గప్పీ పక్షం: స్వోర్డ్‌టెయిల్‌నీ మోలీనీ ముందే పక్కన పెట్టేద్దామండి. స్వోర్డ్‌టెయిల్‌కి 3 అడుగుల పొడవు తొట్టె ఉండాలి, మూత లేకపోతే బయటికి దూకేస్తుంది. మోలీ కూడా 60 లీటర్లలో ఇరుకున పడుతుంది. పైగా సున్నం తక్కువున్న నీళ్లలో వేస్తే ముందుకు కదలకుండా ఉన్నచోటే ఒళ్లు ఊపుకుంటూ ఉండిపోతుంది.

ప్లాటీ పక్షం: అక్కడ మీతో పేచీ లేదు. మోలీ అలా ఊగుతుంటే వంటుప్పు వేయమంటారు, అది మాత్రం సరిదిద్దాలి. ఆ నీళ్లలో లోపించినవి కాల్షియం, మెగ్నీషియం. వంటుప్పుతో కాఠిన్యత, అంటే నీళ్లలో ఈ రెండింటి మోతాదు, పెరగదు.

గప్పీ పక్షం: సరే, ఇక నా చేప. మగ గప్పీ 3 సెంటీమీటర్లు ఉంటుంది, ఏ రెండింటి తోకా ఒకేలా ఉండదు. ఈ తొట్టెలో 6 మగవి హాయిగా తిరుగుతాయి. దోమ పిల్లల్ని తింటుందని ఎన్నో దేశాల్లో కాలవల్లో వదిలిన చేప ఇది. అంత మొండిది కొత్తవాళ్లకి పనికిరాదా?

ప్లాటీ పక్షం: కాలవలో బతికింది పొట్టి తోక గప్పీ అండి. మీరు చూపిస్తున్నది పెద్ద తోక కోసం తరతరాలుగా ఒకే వంశంలో జత కట్టించిన చేప. నీటి ధార కాస్త జోరుగా ఉంటే ఆ తోక ఈడ్చుకోలేక మూలకి చేరుతుంది. తోక అంచు చిరిగిందా, మురికి నీళ్లలో అక్కడి నుంచే తెల్లబడి కుళ్లు మొదలవుతుంది. ప్లాటీది దిట్టమైన ఒళ్లు, పొట్టి తోక. 20 డిగ్రీల నుంచి 26 దాకా సర్దుకుంటుంది.

గప్పీ పక్షం: ధార సంగతికి మందు ఉంది, ఎయిర్ పంపు గొట్టానికి చిన్న వాల్వ్ పెట్టి గాలి తగ్గిస్తే చాలు. మీ ప్లాటీల సంతానానికి మందేమిటి? ఒక మగది, మూడు ఆడవి తెచ్చారనుకోండి. ఇంచుమించు నెలకోసారి ఒక్కో ఆడది 20 పిల్లల్ని పెట్టినా 60 అవుతాయి. ఎదిగేకొద్దీ వాటి విసర్జన నుంచి నీళ్లలో చేరే నైట్రేట్ పెరుగుతుంది, వారానికోసారి నీళ్లు మార్చినా సరిపోదు.

ప్లాటీ పక్షం: నాచు, మొక్కలు దట్టంగా లేని తొట్టెలో చాలా పిల్లల్ని పెద్దవే తినేస్తాయి. అయినా ప్లాటీల్లో ఆడవాటికీ రంగు ఉంటుంది కాబట్టి ఒట్టి ఆడవే తెచ్చుకోవచ్చు.

గప్పీ పక్షం: అదే కుదరదండి! దుకాణంలో మగవాటితో కలిసి ఉన్న ఆడ చేప కడుపుతోనే ఇంటికొస్తుంది. ఒకసారి జత కడితే ఆ వీర్యాన్ని నెలల తరబడి దాచుకుని, మగది లేకుండానే మళ్లీ మళ్లీ కంటుంది.

ప్లాటీ పక్షం: నిజమే, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. అయితే మగ ప్లాటీలు 5 అంటాను. మధ్యలో మొక్కలో, కర్ర ముక్కో ఉంటే ఒకదాన్నొకటి తరమడం తగ్గుతుంది. తొలి నెలల్లో కొత్తవాళ్లు చేసే పొరపాట్లకి మీ గప్పీ కంటే ఇది ఎక్కువ ఓర్చుకుంటుంది.

గప్పీ పక్షం: ఆ ఓర్పు మాటే నాకు భయం. మొండి చేప అనగానే తొట్టె కొన్న రోజునే వేసేస్తారు. మూడో రోజుకి తమ విసర్జన నుంచే పుట్టే అమ్మోనియా విషంతో మొప్పలు ఎర్రబడి, పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి.

ప్లాటీ పక్షం: ఆ తప్పుకి ఏ చేపా తట్టుకోదు. చేపలు లేకుండానే ఫిల్టర్ నడుపుతూ, అమ్మోనియా లీటరుకి 2 మిల్లీగ్రాములు ఉండేలా వేయాలి. అమ్మోనియాని ముందు నైట్రైట్‌గా (ఇదీ చేపలకి విషమే), తర్వాత నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా స్పాంజ్‌లో స్థిరపడ్డాక అమ్మోనియా 24 గంటల్లో సున్నాకి దిగాలి, నైట్రైట్ కూడా సున్నా చూపించాలి. ఇందుకు తరచు 4 నుంచి 6 వారాలు పడుతుంది. కొత్త నీళ్లు పోసిన ప్రతిసారీ క్లోరిన్ విరుగుడు వేయాలి. నీళ్లు ఒక రాత్రి నిలవుంచితే క్లోరిన్ పోవచ్చు గానీ, కొన్నిచోట్ల కుళాయి నీళ్లలో దాని బదులు కలిపే క్లోరమైన్ పోదు. స్పాంజ్‌ని కుళాయి కింద కడిగితే పెంచుకున్న బాక్టీరియా చస్తుంది, తొట్టెలోంచి తీసిన నీళ్లలోనే పిండాలి.

గప్పీ పక్షం: కాఠిన్యత కూడా చూడమనండి. 5 మిల్లీలీటర్ల నీళ్లు గాజు గొట్టంలో పోసి కాఠిన్యత పరీక్ష మందు ఒక్కో చుక్కా వేసి కలుపుతూ లెక్కపెట్టాలి. రంగు ఎన్నో చుక్కకి మారితే అన్ని డిగ్రీలు. 10 దాటితే మన రెండు చేపలకీ బావుంటుంది. కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర కట్టే నీళ్లు వీటికి ఇష్టం. ఆర్‌ఓ నీళ్లు అచ్చంగా పోస్తే మాత్రం రెక్కలు ముడుచుకుంటాయి.

ప్లాటీ పక్షం: కాఠిన్యత 4, 5 దగ్గరే ఆగితే?

గప్పీ పక్షం: పగడపు ముక్కలు గుప్పెడు, వల సంచీలో కట్టి ఫిల్టర్ పక్కన వేలాడదీయాలి. నెమ్మదిగా కరుగుతాయి, వారం తర్వాత మళ్లీ కొలవాలి. అప్పటికీ పెరగకపోతే గప్పీ వద్దు, ప్లాటీ కూడా వద్దు.

ప్లాటీ పక్షం: ఒప్పుకుంటాను. కొనేటప్పుడు పొట్ట కింద, మలద్వారం దగ్గర ఎర్రటి దారపు పోగుల్లాంటివి కనిపిస్తే అవి చేప పేగుల్లో పెరిగే కమలానస్ పురుగులు. ఆ తొట్టెలోంచి ఏ చేపా తేకూడదు. ఇది మీ గప్పీల్లోనూ నా ప్లాటీల్లోనూ ఉంటుంది.

గప్పీ పక్షం: వల పైకెత్తకముందే పొట్ట కింది రెక్క కూడా చూడాలి. మగదానికి సన్నటి పుల్లలా వెనక్కి వాలి ఉంటుంది, ఆడదానికి విసనకర్రలా విచ్చుకుంటుంది. ఆరింటిలో ఒక్క ఆడది కలిసొచ్చినా అయిదు మగవీ దాని వెంటే పడతాయి, నెల తిరిగేసరికి పిల్లలూ తేలతాయి.