181 రోజుల నగరం

భూగోళ శాస్త్రం మీద గౌరవం ఉన్నవారెవరైనా ఇకమీదట వియత్నాం ఓడరేవు నగరమైన హైఫాంగ్‌ను నదులనుబట్టి గుర్తుపెట్టుకోవడం మానుకోవాలని సవినయంగా మనవి చేస్తున్నాను. కామ్, లాచ్ ట్రాయ్, వాన్ ఉక్, బాచ్ డాంగ్ నదులు ఒండ్రు మోసుకొచ్చి తీరాన్ని నాలుగడుగులు ముందుకు జరపడానికి తరాలకు తరాలు తీసుకునే సోమరులు. 2025 జూన్ 30 రాత్రి సుమారు 1,500 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంతో నిద్రపోయిన హైఫాంగ్, పొరుగున ఉన్న హైజువాంగ్ ప్రావిన్సును కలుపుకుని, తెల్లవారేసరికి దాదాపు 3,195 చదరపు కిలోమీటర్లతో లేచి కూర్చుంది. ఏ నదికైనా ఇంతటి కార్యదక్షత ఉందా?

నిజానికి 19వ శతాబ్దం చివర ఫ్రెంచి పాలకులు హైజువాంగ్ నేలలోంచి కొంత కోసే హైఫాంగ్‌ను వేరు పెట్టారు. వేరుపడిన బిడ్డ ఇన్నేళ్ళకు తిరిగివచ్చి, తల్లిని ఆదరించి, ఇంటిని మాత్రం తన పేరు మీద రాయించుకుంది. హైజువాంగ్‌కు మాత్రం ఇది కొత్త కాదు. 1968లో దానిని హుంగ్ యెన్ అనే మరో ప్రావిన్సుతో ముడివేసి హై హుంగ్ అన్నారు. 1997లో ముడి విప్పి ఎవరి పేరు వారికి ఇచ్చేశారు.

ఈ వ్యాసకర్త మనసు మాత్రం థుయ్ న్గుయెన్ దగ్గర ఆగిపోయింది. కామ్ నది ఉత్తరపు గట్టున గ్రామీణ జిల్లాగా గుట్టుగా బతుకుతున్న ఆ ప్రాంతానికి 2025 జనవరి 1న నగర హోదా దక్కింది. హైఫాంగ్ కూడా నగరమే కనుక నగరంలో నగరమన్నమాట. వియత్నాంలో ఇలాంటి గౌరవం అంతకుముందు హోచిమిన్ నగరంలోని థు డుక్‌కు ఒక్కదానికే దక్కింది. జూలై 1న దేశమంతటా జిల్లా అంచెనే ఎత్తివేయడంతో ఆ అంచెకే చెందిన ఈ నగరం కూడా గతించింది. ఆయుష్షు సరిగ్గా 181 రోజులు. అన్నప్రాశన ముహూర్తానికే అంత్యక్రియలు కూడా జరిగిపోయాయి. ఇప్పుడు థుయ్ న్గుయెన్ అన్నది ఒక వార్డు పేరు. మొత్తం హైఫాంగ్ పాలనా కేంద్రం కొలువుదీరింది ఆ వార్డులోనే అన్నది దాని పక్షాన చెప్పుకోదగిన ఓదార్పు.

ఇదంతా నిన్నమొన్నటి వింత అనుకునేవారు హైఫాంగ్‌లోనే ఒకప్పుడున్న అన్ థుయ్ జిల్లాను తలుచుకోవాలి. 1969లో అన్ లావో, కియెన్ థుయ్ జిల్లాలను కలిపి, ఒకదాని తల, ఒకదాని తోక తీసుకుని ఆ పేరు కుట్టారు. 1980లో కుట్లు విప్పి ఒక ముక్కను కియెన్ అన్ పట్టణానికి, ఇంకొక ముక్కను డో సోన్‌కు అతికించారు. 1988లో ఆ అతుకులనూ ఊడదీశారు. ఇన్నిసార్లు కత్తిరించినా గుడ్డ చిరగకపోవడం దర్జీ గొప్పతనమో గుడ్డ గొప్పతనమో పండితులే తేల్చాలి.

ఈ గందరగోళంలో పరువు నిలుపుకున్నది బాచ్ లాంగ్ వీ ఒక్కటే. తెల్ల డ్రాగన్ తోక అని అర్థమొచ్చే ఈ బుల్లి దీవి టోన్కిన్ సింధుశాఖ నడుమ, తీరానికి వంద కిలోమీటర్లకు పైబడిన దూరంలో ఉంటుంది. 1992లో దీనిని జిల్లాగా ప్రకటించినప్పుడు కింద ఒక్క కమ్యూన్ (గ్రామస్థాయి పాలనా విభాగం) కూడా లేదు. ఉన్న నేలకు ఒక జిల్లాయే ఎక్కువ. ఇప్పుడు పైన జిల్లా లేకుండా, కమ్యూన్ల వరుసలో ప్రత్యేక మండలమైంది. అంటే ముప్పై రెండేళ్ళపాటు దీనికి కింది మెట్టు లేదు, ఇప్పుడు పై మెట్టు లేదు; దీవి ఉన్నచోటే ఉంది. దీనినీ కాట్ హాయ్‌నీ కలిపి 2 ప్రత్యేక మండలాలు, 45 వార్డులు, 67 కమ్యూన్లు, వెరసి హైఫాంగ్‌లో 114 పాలనా విభాగాలని ప్రస్తుతపు లెక్క. పాఠ్యపుస్తకాలు రాసేవారు దీనిని పెన్సిలుతో రాసుకోవడం మంచిది.

హోదా పెరగడమంటే ఏమిటో డో సోన్ వాసులకు ఎవరూ చెప్పనక్కరలేదు. నిన్నటి దాకా పట్టణ జిల్లా, నేడు వార్డు అయిన ఆ సముద్రతీరంలో చాంద్రమాన ఎనిమిదో నెల తొమ్మిదో రోజున దున్నపోతుల పోటీ జరుగుతుంది. నెలల తరబడి మేపి, ముద్దుచేసి బరిలోకి దించుతారు. ఓడిన దున్నను కోసేస్తారు. గెలిచిన దున్నను మాత్రం మేళతాళాలతో ఊరేగించి, అందరూ కళ్ళారా చూసి దండం పెట్టుకున్నాక కోస్తారు.