బీట ఎందుకు పడిందో తెలిశాకే మరమ్మతు

1997 సెప్టెంబరు 26న ఇటలీలోని అసీసీలో సెయింట్ ఫ్రాన్సిస్ బసిలికా (పెద్ద చర్చి) కమాను కప్పులో కొంత భాగం కూలి నలుగురు మరణించారు. అదే తేదీన అర్ధరాత్రి దాటాక వచ్చిన భూకంపం చేసిన నష్టాన్ని చూడడానికి లోపలికి వెళ్లినవారు, పగలు వచ్చిన రెండో ప్రకంపనకు ఆ శిథిలాల కింద పడ్డారు. కప్పు మీద, గోడను ఆనుకున్న వంపుల్లో, శతాబ్దాల మరమ్మతులు మిగిల్చిన పెంకుముక్కలూ రాళ్లూ వదులుగా పేరుకుని ఉన్నాయని, కప్పు కూలడానికి ఆ బరువూ ఒక ముఖ్య కారణమని తర్వాత తేలింది. కింద నిలబడి కుడ్యచిత్రాలను చూసేవారికి కనబడని ఆ చెత్తను ఎవరూ పట్టించుకోలేదు.

పాత చర్చి కప్పులో బీట కనబడగానే కాంక్రీటు పోయాలన్న తొందరను మేము అంగీకరించలేం. కమాను నిలబడేది రాతి బలం కన్నా ఆకారం వల్ల. వేలాడే గొలుసు వంపును తలకిందులు చేస్తే కమానుకు తగిన ఆకారం వస్తుందని 1675లో ఆంగ్ల శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ చెప్పారు. బీటలు వారిన రోమ్ సెయింట్ పీటర్స్ గుమ్మటాన్ని ఇటలీ శాస్త్రవేత్త పొలేని ఆ గొలుసు పద్ధతితోనే పరీక్షించి, బరువు కిందికి దిగే దారిని చూపే ఊహారేఖ కట్టడం మందంలోనే ఇముడుతోందని, అంటే గుమ్మటం నిలబడగలదని 1748లో చూపారు. అలాగని ఆయన చేతులు కట్టుకోమనలేదు. గోడలు బయటికి జరగకుండా గుమ్మటం చుట్టూ ఇనుప పట్టీలు బిగించడాన్ని సమర్థించారు.

అందువల్ల తేల్చుకోవలసింది బీట ఉందా లేదా అన్నది కాదు, అది ఇంకా పెరుగుతోందా అన్నది. ఎండకూ చలికీ బీటలు తెరుచుకుని మూసుకుంటాయి గనుక, కనీసం ఒక ఏడాది కొలతలు తీయకుండా ఆ సంగతి తేలదు. చూపించడానికి పనేదీ జరగని ఏడాదికి నిధులు మంజూరు చేయించడం ఎంత కష్టమో మాకు తెలియనిది కాదు.

బలహీనమైన పాత గోడల మీద కాంక్రీటు పొర వేస్తే బరువు పెరుగుతుంది, భూకంపంలో ఆ బరువే గోడలను తోస్తుంది. సిమెంటులోని లవణాలు చిత్రాలనూ తినేస్తాయి. అసీసీలో పునరుద్ధరణ నిపుణులు అందుకు భిన్నంగా, కప్పు వెనుక వైపున కలప మీద అరామిడ్ అనే గట్టి కృత్రిమ నారను అతికించి తేలికైన పక్కటెముకలు కట్టారు. అయితే నారను అతికించే రెసిన్ అనే జిగురుతో కప్పంతా కప్పేస్తే తేమ బయటికి పోదు కాబట్టి, సున్నపు గచ్చులో నార వలను పరిచే పద్ధతి చాలాచోట్ల మేలు.

పేరుకున్న చెత్తను తొలగించడంలోనూ జాగ్రత్త అవసరం. గోడ పక్కన కట్టినప్పుడే గట్టిగా కూరిన పూరకం కమాను ఒత్తిడిని గోడకు చేరవేస్తూ ఉండవచ్చు. లెక్క కట్టకుండా దాన్ని కూడా తవ్వేస్తే, మరమ్మతు చేయడానికి వచ్చినవారే కప్పును కూల్చినవారవుతారు.