కిలో ట్యూనాకు పన్నెండు రూపాయలు: సీషెల్స్ సముద్రం అసలు లెక్క

సముద్రాన్ని పాడుచేయకుండా దాని వనరులపై బతకడమనే నీలి ఆర్థిక వ్యవస్థకు ఆదర్శంగా ఏ దేశాన్ని చూపాలన్నా ఇప్పుడు అందరి నోటా మొదట వచ్చే పేరు హిందూ మహాసముద్రంలోని సీషెల్స్. 115 దీవులు, లక్ష పైచిలుకు జనాభా, అన్నీ కలిపినా 460 చదరపు కిలోమీటర్లు దాటని నేల. దాని చుట్టూ ఉన్న సముద్రం మాత్రం సుమారు 13.7 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే మన రెండు తెలుగు రాష్ట్రాల విస్తీర్ణానికి దాదాపు ఐదింతలు. 2.16 కోట్ల డాలర్ల విదేశీ రుణాన్ని సముద్ర సంరక్షణ హామీగా మార్చుకోవడం, 2018 అక్టోబరులో ప్రపంచంలోనే తొలి సార్వభౌమ బ్లూ బాండుతో, అంటే సముద్ర సంబంధ పనుల కోసం ప్రభుత్వం జారీ చేసే రుణపత్రంతో, 1.5 కోట్ల డాలర్లు సేకరించడం, 2020 మార్చి నాటికి తన జలాల్లో 30 శాతాన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించడం పాఠకులకు తెలిసిన కథే. ఈ మూడింటినీ చూసి ఆ దేశం సుస్థిర సముద్ర ఆర్థిక వ్యవస్థకు సిద్ధమైపోయిందని తీర్పు చెప్పేవారితో నేను ఏకీభవించలేను. సీషెల్స్ పటం గీసుకుంది, చట్టం రాసుకుంది, అప్పుల పద్దు సరిచేసుకుంది. చేప మీద అధికారం మాత్రం ఇంకా దాని చేతికి రాలేదు.

2008లో బాండ్ల వడ్డీ కట్టలేక చేతులెత్తేసిన ప్రభుత్వం పదేళ్లకే సముద్రాన్ని నమ్ముకుని మళ్లీ మార్కెట్‌కు వెళ్లగలగడం చిన్న విషయం కాదు. అయితే ఆ విజయం అప్పిచ్చేవారి కొలమానంతో కొలిచింది. ఆ సముద్రం మీద బతికేవారి కొలమానం వేరు.

ఆ కొలమానం ట్యూనా చేప. యూరోపియన్ యూనియన్‌తో 2020లో కుదిరిన ఆరేళ్ల ఒప్పందం 40 భారీ వలనౌకలకు సీషెల్స్ జలాల్లో ప్రవేశం కల్పించి, ఏడాదికి 50 వేల టన్నులను ప్రాతిపదికగా తీసుకుంది. ప్రవేశ హక్కు కోసం యూనియన్ ఇచ్చేది ఏటా 25 లక్షల యూరోలు, అంటే టన్నుకు 50 యూరోలు. నౌకల యజమానులు కట్టేది టన్నుకు 80 నుంచి 85 యూరోలు. మత్స్యరంగ అభివృద్ధికి విడిగా వచ్చే 28 లక్షల యూరోలను పక్కన పెడితే, కిలో ట్యూనాకు ఆ ఒప్పందం కింద ఆ దేశానికి దక్కేది మన డబ్బుల్లో పన్నెండు, పదమూడు రూపాయలు. డబ్బాల్లో నింపడానికి పనికొచ్చే ట్యూనా టన్ను ధర అంతర్జాతీయ విపణిలో సాధారణంగా వెయ్యి డాలర్లకు పైనే పలుకుతుంది. రాజధాని విక్టోరియాలోని క్యానింగ్ కర్మాగారంలో మెజారిటీ వాటా థాయ్‌లాండ్ కంపెనీ థాయ్ యూనియన్‌ది, అక్కడ పనిచేసేవారిలో గణనీయ భాగం విదేశీ కార్మికులు. పట్టేవారు, శుద్ధి చేసేవారు, అమ్మేవారు ప్రధానంగా బయటివారే అయినప్పుడు సముద్రం ఎవరిదన్న ప్రశ్నకు పటం జవాబు చెప్పదు.

ఈ ఆధారపడటం ఎంత దూరం తీసుకెళ్తుందో 2023లో బయటపడింది. వలనౌకలు ఉపగ్రహ పరికరాలు అమర్చిన తెప్పలను సముద్రంలోకి వదులుతాయి. వాటి నీడన చేరిన చేపలతోపాటు ఇంకా ఎదగని ఎల్లోఫిన్ ట్యూనా పిల్లలు కూడా వలలో పడతాయి. ఈ తెప్పలపై ఏటా 72 రోజుల నిషేధం విధించాలని ఇండొనేసియా, భారత్ వంటి తీర దేశాలు పట్టుబట్టగా, ఈ ప్రాంతంలో ట్యూనా వేటకు నిబంధనలు పెట్టే హిందూ మహాసముద్ర ట్యూనా కమిషన్ ఆ ఫిబ్రవరిలో మొంబాసాలో తీర్మానం చేసింది. దానికి అభ్యంతరం తెలిపిన దేశాల జాబితాలో యూరోపియన్ యూనియన్‌తోపాటు సీషెల్స్ కూడా ఉంది. అభ్యంతరాలు పెరిగి తీర్మానం నీరుగారిపోయింది. తన జలాల్లో 30 శాతానికి కాపలా కాస్తానన్న దేశం, తన రేవునూ కర్మాగారాన్నీ పోషించే విదేశీ వేట నౌకలను నొప్పించలేకపోయింది. దీన్ని నేను ద్రోహం అనను; ఇది నిస్సహాయత, అందుకే మరింత బాధాకరం.

ఆ నిస్సహాయత చెత్త రూపంలో సీషెల్స్‌లోని అల్డాబ్రా తీరానికి చేరుతోంది. తాబేళ్లకు నెలవైన ఆ ప్రపంచ వారసత్వ దీవి నుంచి 2019లో స్వచ్ఛంద సేవకులు 25 టన్నుల వ్యర్థాలు ఎత్తారు. ఇంకా 500 టన్నులకు పైగా మిగిలి ఉన్నాయని, బరువులో 83 శాతం చేపల వేట పరిశ్రమదేనని, తొలగించాలంటే 46 లక్షల డాలర్లకు పైగా ఖర్చవుతుందని శాస్త్రవేత్తలు అంచనా వేశారు. లాభం ఒక తీరానికి, వలల పోగులు మరో తీరానికి చేరుతుంటే దాన్ని సుస్థిరత అని ఎలా పిలుస్తాం?

లక్ష మంది ఉన్న దేశం సొంతంగా ట్యూనా నౌకలు నడపగలదా, లైసెన్సు రుసుమే క్షేమకరం కాదా అని కొందరు వాదిస్తారు. 2024లో వచ్చిన అంచనా ఎల్లోఫిన్ నిల్వలు మెరుగుపడ్డాయని చెప్పడాన్నీ వారు ఉదహరిస్తారు. నౌకలు కొనమని ఎవరూ అడగడం లేదు. ధర నిర్ణయంలో వాటా అడగమంటున్నాం. నిల్వలు కోలుకున్నా, ఆ కోలుకున్న చేప ఎవరి ఖాతాలో పడుతుందన్న ప్రశ్న అలాగే మిగులుతుంది.

సీషెల్స్ ప్రధాన దీవి మాహే చుట్టూ ఉన్న జలాల్లో చిన్న పడవలపై బూర్జ్వా అనే ఎర్ర చేపను గాలాలతో పట్టే స్థానికులకు మాత్రం ఇటీవల నిబంధనలు వచ్చాయి: కనీసం ఎంత పొడవున్న చేపను పట్టాలో. ఆ నిబంధనలు అవసరమే. 1998లో సముద్రం వేడెక్కి లోపలి దీవుల పగడాలు చాలావరకు చనిపోయాక దిబ్బల మీద భారం మోపడం తప్పు. కానీ చిన్న గాలానికి కొలబద్ద, పెద్ద వలకు మినహాయింపు అన్న పద్ధతి ప్రపంచమంతటా తీరాల్లో కనిపిస్తున్నదే, దాని మీదే నా అసలు కోపం.

ఇది దూరదేశపు ముచ్చట కాదు. విశాఖ రేవు నుంచి బయల్దేరే పడవలు వెతికేది ఇదే ఎల్లోఫిన్‌ను. దాని లెక్కలు తేలేది విక్టోరియాలో కార్యాలయం ఉన్న ఆ ట్యూనా కమిషన్‌లోనే. సీషెల్స్‌కు డార్నియర్ విమానాలు, గస్తీ నౌకలు, తీర రాడార్లు ఇచ్చిన భారత్, అంతకన్నా విలువైన సాయం బేరసారాల్లో చేయవచ్చు: తీర దేశాలన్నీ ఒకే మాట మీద నిలిచి, లైసెన్సు రుసుమును చేప ధరతో ముడిపెట్టాలని, తెప్పల వ్యర్థాల ఖర్చు వదిలినవారే భరించాలని, పట్టిన చేపలో నిర్ణీత భాగం స్థానికంగా శుద్ధి కావాలని అడగాలి. 2020 ఒప్పందం ఆరేళ్లకే పరిమితం కాబట్టి, దాని తర్వాత వచ్చే ఒప్పందంలో ఈ మూడు షరతుల్లో ఎన్ని చేరతాయో చూశాకే సీషెల్స్ సన్నద్ధతకు నేను మార్కులు వేస్తాను.