మిద్దెమీది విమోచనోద్యమం

ఆరున్నర కోట్ల ఏళ్లుగా ఏ విచారణా లేకుండా, బెయిలుకు దరఖాస్తు పెట్టుకునే వీలైనా లేకుండా నల్లరాతి గోడల మధ్య మగ్గుతున్నవారి గురించి మన ఊళ్లో ఇంతవరకు ఒక్క సభైనా జరగకపోవడం మిక్కిలి విచారకరం. నేను చెబుతున్నది అగేటు గుండ్ల గురించి. నగల కొట్లలో హకీకు అని, సులేమానీ రాయి అని పేర్లు పెట్టి ఉంగరాల్లో పొదిగి, గ్రహాలు శాంతిస్తాయని చెప్పి అమ్మేది వీటినే. గ్రహాల సంగతి నాకు తెలియదు. నాకు తెలిసింది రాళ్లను బండల్లోంచి విడిపించడం. ఆ ఉద్యమానికి తిరుపతిలో అధ్యక్షుణ్ణి, కార్యదర్శిని, ఏకైక సభ్యుణ్ణి నేనే. కార్యాలయం మా ఇంటి మిద్దె.

ముందుగా నేరచరిత్ర చెప్పాలి. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కనులో లావా పొరలు పొరలుగా పారి, నేటికీ దాదాపు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర నల్లని బసాల్టుగా మిగిలింది. అది గడ్డకట్టేటప్పుడు బయటపడలేక లోపలే చిక్కుకున్న వాయు బుడగలు బాదంకాయల ఆకారంలో చిన్న చిన్న గదులుగా ఉండిపోయాయి. ఆ తరువాత ఇసుకలో ముఖ్య పదార్థమైన సిలికా కరిగిన నీరు వాటిలోకి ఊరి, గోడల నుంచి మధ్యకు పొర మీద పొరగా పేరుకుని అగేటు తయారైంది. అంటే జైలు ముందు కట్టారు, ఖైదీ తరువాత అందులోనే పుట్టాడు, జైలు ఆకారమే అతని ఆకారమైంది. అలాంటప్పుడు అతణ్ణి బంధించింది ఎవరు అనే ప్రశ్న సహజంగానే వస్తుంది గానీ, దాన్ని సభల్లో ఎత్తకూడదని మా కార్యవర్గం ఏకగ్రీవంగా తీర్మానించింది.

ఈ ఉద్యమానికి తిరుపతి ఎంత అనువుగాని చోటో చెప్పకపోతే మా త్యాగం విలువ పాఠకులకు అర్థం కాదు. మనకు రాళ్లకు కొదవ లేదు. ఘాట్ రోడ్డు పక్కన కింది పాతరాతికీ పైనున్న క్వార్ట్‌జైటుకూ నడుమ ఒక గీత కనిపిస్తుంది. ఆ గీతలో 80 కోట్ల ఏళ్ల చరిత్ర గల్లంతైందని భూగర్భ శాస్త్రజ్ఞులు లెక్క కట్టి, దానికి జాతీయ భూవైజ్ఞానిక స్మారకమనే హోదా ఇచ్చారు. పైన శిలాతోరణానికీ అదే గౌరవం దక్కింది. కానీ ఈ కొండలు ఒకప్పటి ఇసుక. కింది గ్రానైటు భూమి లోతుల్లో తీరిగ్గా చల్లారిన శిల. రెంటిలోనూ బుడగలు లేవు, బుడగలు లేనిచోట అగేటు లేదు. మరో అవమానం ఏమిటంటే, కొండమీది క్వార్ట్‌జైటూ నేను వెదికే అగేటూ ప్రధానంగా ఒకే పదార్థం, సిలికా. ఏడు కొండల నిండా ఉన్న సరుకు కోసం నేను సెలవు పెట్టి, ఆ బసాల్టు ఉన్న మహారాష్ట్రకు రైలెక్కుతున్నానని మా ఆవిడ బంధువులందరికీ చెబుతుంది. అబద్ధమని నేను అనలేను. పోనీ ఇక్కడే తిరుగుదామా అంటే, తెల్లవారుజామున సుత్తి, ఉలి, గోనెసంచి పట్టుకుని శేషాచలం అంచుల్లో నడిచేవాణ్ణి చూసి ఎవరికీ భూగర్భ శాస్త్రం గుర్తురాదు, ఎర్రచందనమే గుర్తొస్తుంది.

కాబట్టి వెళ్లేటప్పుడు సంచిలో లడ్డూలు, వచ్చేటప్పుడు రాళ్లు. అక్కడి రైతు బావి తవ్వి గట్టున పోసిన బండల్ని అడిగి, ప్రసాదం చేతిలో పెట్టి, తెచ్చుకుంటాను. అనుమతి అడగడం మర్యాద మాత్రమే కాదు, చట్టం లెక్కలో అగేటు కూడా ఒక ఖనిజమే. 2015 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం 31 ఖనిజాలను చిన్నతరహా ఖనిజాలుగా ప్రకటించినప్పుడు ఆంగ్ల అక్షర క్రమం పుణ్యమా అని ఆ జాబితాలో మొదటి పేరు అగేటుదే. మా ఖైదీకి ప్రభుత్వం చేసిన ఏకైక సన్మానం అదేనని నా అభిప్రాయం.

ఇక విమోచన కార్యక్రమం. తొలి ఏడాది నా సిద్ధాంతం సరళమైనది: బండను మా అత్తగారి కాలంనాటి రుబ్బురోలు మీద పెట్టి, నాలుగు కిలోల సమ్మెటతో శక్తికొద్దీ మోదడం. రాళ్ల కాఠిన్యాన్ని ఒకటి నుంచి పది దాకా లెక్కగట్టే మోస్ కొలతలో అగేటుది ఆరున్నరకూ ఏడుకూ మధ్య ఉంటుంది. చాకుతో గీస్తే చాకే అరుగుతుంది. అంత గట్టి రాయికి సమ్మెట ఏపాటిదని అనుకున్నాను. కానీ గీతకు తట్టుకోవడం వేరు, దెబ్బకు తట్టుకోవడం వేరు. బసాల్టు మొండిది, అగేటు పెళుసుది. మొదటి దెబ్బకు బండ చెక్కు చెదరలేదు, లోపలి గుండు మాత్రం గాజు పగిలినట్టు గుల్ల ఆకారపు పెచ్చులుగా విచ్చుకుంది. రెండో గుండు పైకి నిండుగానే వచ్చింది. కడిగి ఎండకు పట్టి చూస్తే ఒంటి నిండా నెలవంకల్లాంటి సన్నని బీటలు, ఒక్కొక్కటీ నా ఒక్కో దెబ్బకు రసీదు. మూడోది పొరుగింటివారి నీళ్ల ట్యాంకును చేరి అక్కడ శాశ్వత నివాసం ఏర్పరచుకుంది. రోలు అంచు కూడా ఒకచోట లేచిపోయింది. ఆ సాయంత్రం మా ఇంట్లో జరిగిన సంభాషణ ఉద్యమ చరిత్రలోకి ఎక్కించదగినది కాదు.

చిత్తూరు వైపు గ్రానైటు క్వారీల్లో ముప్పై ఏళ్లు పనిచేసిన మేస్త్రి ఒకాయన మా వీధి చివర ఉంటాడు. మిద్దెమీది చప్పుడు విని పైకొచ్చి, కాసేపు చేతులు కట్టుకుని చూశాడు.

“సామీ, గుండును ఇడిపించాలని గదా మీ తాపత్రయం? మరి గుండునే కొడతా ఉండారే! గుండును కొట్టబాకండి, బండను కొట్టండి.”

సిద్ధాంతపరంగా ఇది నాకు గట్టి దెబ్బ. ఆయన రోలు తీసేయించి ఇసుక మూట పరిపించాడు. బండను తిప్పి తిప్పి చూసి, అందులో ముందే ఉన్న సన్నని నెర్రెను వేలిగోటితో చూపించాడు. గుండుకు బెత్తెడు దూరంలో ఉలిని బయటివైపు వాల్చి, చిన్న సుత్తితో చుట్టూ మెల్లగా తడుతూ పోయాడు. పావుగంటకు చప్పుడు మారింది. గణగణమన్నది కాస్తా బోలుగా పలికింది. పెంకు ఒకటి ఊడి, లోపల సెలడోనైటు అనే పచ్చని తొక్క కప్పుకున్న గుండు వీపు కనిపించింది. అక్కడితో ఉలి పక్కన పెట్టేసి, వేపపుల్లతో కెలికి దాన్ని చేతిలోకి రాల్చాడు. కళ్లద్దాలు పెట్టుకోమని, పొడి లేస్తే మూతికి గుడ్డ చాలదు, మంచి మాస్కు కావాలని, రాయి కోసేటప్పుడు నీళ్లు ఆపొద్దని చెప్పాడు. రాతి పొడికి ఊపిరితిత్తులు పోగొట్టుకున్న తోటివాళ్లను చూసినవాడు కనుక ఆ మాట చెప్పేటప్పుడు ఆయన నవ్వలేదు.

గుజరాతులోని ఖంభాతులో పూసలు చేసేవాళ్ల పద్ధతి తెలిశాక నాకింకా సిగ్గేసింది. వాళ్లు నేలలో పాతిన మొనదేలిన ఇనుప కడ్డీకి రాయిని ఆనించి పట్టుకుని, వెదురు పిడికి గేదె కొమ్ము బిగించిన సుత్తితో తడతారు. తరతరాల చేతిపని వారిది కొమ్ముతో, రెండేళ్ల నా ఉద్యమం సమ్మెటతో.

అయినా నాయకుడన్నవాడు అడ్డదారులు వెదకక మానడు. బండకు నీళ్లు పట్టించి ఫ్రిజ్ పైఅరలో గడ్డకట్టిస్తే మంచు ఉబ్బి రాయిని చీలుస్తుందని, చలిదేశాల్లో ప్రకృతి చేసేది అదేనని, ఐస్‌క్రీం డబ్బా తీసేసి వారంపాటు ప్రయోగం చేశాను. పిల్లల మద్దతు ఉద్యమానికి ఆ వారంతో పోయింది. తరువాత మరుగుదొడ్డి కడిగే యాసిడ్ పోశాను. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. సున్నపురాయిని, కాల్సైటును కరిగిస్తుంది తప్ప బసాల్టును ఏమీ చేయదు. బండ చలించలేదు. కింద పరిచిన కడప బండ మాత్రం సున్నపురాయి కావడం వల్ల బుసబుసా పొంగి, పళ్లెమంత మేర గరుకుతేలింది. సిలికానే కరిగించే ఆమ్లం ఇంకొకటి ఉంది, హైడ్రోఫ్లోరిక్. అది అగేటుతో పాటు మనిషి ఎముకల దాకా పోతుంది కాబట్టి, మేము అహింసావాదులమని ప్రకటించి ఊరుకున్నాము.

ఇప్పటి లెక్క ఇది. తెచ్చిన బండల్లో గుండ్లు 11. నిండుగా విడుదలైనవి 4, విమోచనలో అమరులైనవి 6. పదకొండోది అప్పటికే సగం మొరంగా మారిన బండలో ఉండేది. దాన్ని పనికిమాలినదిగా లెక్కగట్టి పక్కన పడేస్తే, మా ఆవిడ తులసికోట పక్కన బిందె ఒరగకుండా పెట్టుకుంది. రెండు కార్తీకాల వానలు, వాటి మధ్య వేసవి ఎండ పడ్డాక మొన్నొక ఉదయం ముగ్గువేస్తూ బిందె జరిపితే బండ తడి బెల్లంలా విడిపోయి, చిన్న లడ్డూ అంత గుండు దొర్లుకుంటూ వచ్చిందట. ఒక్క బీట లేదు, ఒక్క నెలవంక లేదు. పసుపు చేత్తోనే తెచ్చి నా ముందు పెట్టి, “మీ ఉద్యమంలో వీడికి సభ్యత్వం ఉందా?” అని అడిగింది.

దాన్ని కూడా విముక్తుల జాబితాలో, మా సంస్థ సాధించిన విజయంగానే నమోదు చేశాను. మిగతా నాలుగింటితో పాటు బీరువా అద్దాల అరలో పెట్టి, తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాను. వాటి భద్రత కోసమే.