కమ్యూనిటీ కాలేజీ క్లాసు దండగ కాదు

ఏప్రిల్ వచ్చిందంటే అమెరికాలో మన తెలుగు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరగడం మొదలవుతుంది. సారాంశం ఇది: "హైస్కూల్లో ఉండగా కమ్యూనిటీ కాలేజీ క్లాసులు చేయించడం దండగ. పెద్ద యూనివర్సిటీలు వాటిని పట్టించుకోవు, ఆ క్రెడిట్లు చెల్లవు. వాళ్లు చూసేది ఇంటర్న్‌షిప్. దొరక్కపోతే డబ్బు కట్టయినా చేయించండి." ఈసారి నాకు మూడు గ్రూపుల్లో వచ్చింది. అది చదివి మాకు బాగా తెలిసిన ఒక చెల్లెలు, పదకొండో తరగతి చదువుతున్న కూతురి వేసవి స్టాటిస్టిక్స్ క్లాసు మాన్పించేస్తున్నానంది. అందుకే కూర్చుని రాస్తున్నాను. కమ్యూనిటీ కాలేజీలంటే స్థానికంగా ఉండే రెండేళ్ల ప్రభుత్వ కాలేజీలు. హైస్కూలు పిల్లలు కూడా అక్కడ కాలేజీ స్థాయి క్లాసులు చేయొచ్చు.

"యూనివర్సిటీలు పట్టించుకోవు" అనే మాటతో మొదలుపెడదాం. దీనికి ఎవరి అభిప్రాయమూ అక్కర్లేదు. చాలా యూనివర్సిటీలు ఏటా కామన్ డేటా సెట్ అని ఒక పత్రం బయటపెడతాయి. అందులో సీ7 అనే పట్టిక ఉంటుంది. అడ్మిషన్‌లో దేనికి ఎంత విలువ ఇస్తారో వాళ్లే అక్కడ గుర్తు పెడతారు. పిల్లలు ఎంత కష్టమైన సబ్జెక్టులు తీసుకున్నారన్నదానికి అందులో ఒక వరస ఉంది, జీపీఏకి, అంటే సగటు గ్రేడుకి, ఒకటి ఉంది. ఇంటర్న్‌షిప్‌కి విడిగా వరసే లేదు. పని అనుభవం అని ఒకటుంది గానీ, వారాంతంలో కిరాణా కొట్టు కౌంటర్లో నిలబడే పిల్లాడి పని కూడా అందులోకే వస్తుంది. మీ పిల్లలు ఏ కాలేజీకి అప్లై చేస్తారో ఆ కాలేజీ పట్టిక తెరిచి చూడండి, పది నిమిషాల పని.

మేముండే కాలిఫోర్నియాలోనైతే ఈ మాట ఇంకా తప్పు. యూనివర్సిటీకి బదిలీ అయ్యే కాలేజీ కోర్సుకు యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) క్యాంపస్‌లు తమ జీపీఏ లెక్కలో, కష్టమైన ఆనర్స్ కోర్సుకి ఇచ్చినట్టే అదనపు పాయింటు ఇస్తాయి. ఆ అదనపు పాయింట్లకు ఎనిమిది సెమిస్టర్ల పరిమితి ఉంది. చాలా సబ్జెక్టుల్లో మూడు యూనిట్ల (అంటే క్రెడిట్ల) కాలేజీ క్లాసు ఒక సెమిస్టర్ చేస్తే హైస్కూల్లో ఏడాది చదివినట్టు లెక్క. ఇక్కడి కమ్యూనిటీ కాలేజీలో రాష్ట్రవాసులకు యూనిట్ ఫీజు 46 డాలర్లు, హైస్కూలు పిల్లలకు చాలాచోట్ల అదీ ఉండదు. వాషింగ్టన్ రాష్ట్రంలో రన్నింగ్ స్టార్ట్ అనే పథకం కింద పదకొండు, పన్నెండు తరగతుల పిల్లలకు ట్యూషన్ లేదు. మిన్నెసోటా ఈ దారి 1985లోనే తెరిచింది.

"క్రెడిట్లు చెల్లవు" అన్నది సగం నిజం. కొన్ని పెద్ద ప్రైవేటు యూనివర్సిటీలు నిజంగానే ఇవ్వవు. హైస్కూలు డిప్లొమాకి లెక్కేసుకున్న కోర్సయితే అసలే ఇవ్వవు. కానీ క్రెడిట్ ఇవ్వకపోవడం వేరు, అప్లికేషన్‌లో చూడకపోవడం వేరు. ఈ మెసేజ్ ఆ రెండింటినీ కలిపేసింది. ఇక ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలాచోట్ల చెల్లుతాయి. టెక్సస్‌లో 42 క్రెడిట్ గంటల కోర్ కరికులమ్ (డిగ్రీలో అందరూ చదవాల్సిన మౌలిక కోర్సులు) పూర్తి చేస్తే రాష్ట్రంలో ఏ ప్రభుత్వ యూనివర్సిటీకైనా బదిలీ అవుతుంది. కాలిఫోర్నియాలో ఏ కోర్సు ఎక్కడ చెల్లుతుందో అసిస్ట్ వెబ్‌సైటులో కోర్సు నంబరుతో సహా ఉంది.

క్లాసుల్లో అసలు ప్రమాదం ఒకటుంది, మెసేజ్‌లో అది లేదు. అక్కడ వచ్చిన గ్రేడు ఎప్పటికీ పోదు. రేపు మెడికల్ కాలేజీకి అప్లై చేసేటప్పుడు, హైస్కూల్లో ఉండగా చేసిన కాలేజీ కోర్సుల ట్రాన్స్‌క్రిప్ట్ కూడా పంపాలి. డాక్టరు కావాలనే పిల్లలు మన ఇళ్లలో ఎంతమందో! స్నేహితురాలు చేరిందని చేరి, మధ్యలో చదవడం మానేస్తే ఆ మచ్చ వెంటే వస్తుంది. కుదరదనిపిస్తే డ్రాప్ గడువులోపే బయటికి రావాలి.

మా అమ్మాయి కాలేజీ క్లాసు సాయంత్రం ఆరున్నరకు ఉండేది. పక్క సీట్లో ఆసుపత్రి డ్యూటీ దిగి స్క్రబ్స్‌లోనే వచ్చే ఒకావిడ. మొదటి పరీక్షలో మా పిల్లకి 71 వచ్చింది. నేను మెయిల్ రాస్తానంటే వద్దంది. తనే ఆఫీస్ అవర్స్‌కి వెళ్లి, పేపరు ప్రొఫెసర్ ముందు పెట్టి, ఎక్కడ పోయిందో అడిగి తెలుసుకుంది. ఆ రోజు కారెక్కిన పిల్ల వేరు. అదే ఏడాది మాకు తెలిసిన ఒక అబ్బాయి, వాళ్ల నాన్న స్నేహితుడి కంపెనీలో ఆరు వారాలు ఇంటర్న్‌గా ఉన్నాడు. కామన్ యాప్‌లో, అంటే చాలా కాలేజీలకు కలిపి పంపే అప్లికేషన్‌లో, ఒక్కో యాక్టివిటీ వివరానికి 150 అక్షరాలే. మా డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని గంటసేపు టైప్ చేసి చెరిపాడు. "అంకుల్, నేనక్కడ చేసిందేమీ లేదు, మీటింగుల్లో కూర్చోబెట్టారు" అన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు వాడి మొహం చూడలేకపోయాను.

డబ్బు కట్టడం గురించి రెండు మాటలు. పేరున్న రీసెర్చ్ ప్రోగ్రాముల్లో కొన్ని ఫీజు తీసుకోవు. 1984లో మొదలై, ఇప్పుడు ఎంఐటీలో నడుస్తున్న వేసవి రీసెర్చ్ ప్రోగ్రాం ఆర్‌ఎస్‌ఐ ఉచితం. స్టోనీ బ్రూక్ యూనివర్సిటీలోని సైమన్స్ ప్రోగ్రాం ఎదురు స్టైపెండ్ ఇస్తుంది. వాటిలో సీటు రావడం చాలా కష్టం, నిజమే. కానీ ఫీజు కడితే దాదాపు అందరినీ తీసుకునే ప్రోగ్రాం వాటికి సాటి రాదు. హైస్కూలు పిల్లల పేర్లతో డబ్బుకి పరిశోధనా పత్రాలు వేయించే వ్యాపారం మీద ప్రోపబ్లికా అనే వార్తాసంస్థ 2023లోనే రాసింది.

మెసేజ్ రాసినవాళ్లకు అసలు తట్టని విషయం మన పిల్లల వీసా. హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా) మీద ఉన్న పిల్లలు ఉద్యోగం చేయకూడదు. 2015 నుంచి హెచ్-1బీ వాళ్ల జీవిత భాగస్వాముల్లో కొందరికి పని అనుమతి వచ్చింది, పిల్లలకు రాలేదు. జీతమిచ్చే ఇంటర్న్‌షిప్ వాళ్లకు కుదరదు. జీతం లేకపోయినా, మామూలుగా డబ్బిచ్చి చేయించుకునే పనైతే చిక్కే. ఇమ్మిగ్రేషన్ లాయరుని అడక్కుండా అందులో దింపకండి. చదువుకోవడానికి మాత్రం హెచ్-4 ఏ అడ్డూ పెట్టదు. గ్రీన్‌కార్డు క్యూలో ఏళ్ల తరబడి ఉన్న మన ఇళ్లలో పిల్లలకు నిజంగా తెరిచి ఉన్న తలుపు కాలేజీ క్లాసు. దాన్నే దండగ అంటే, చట్టం ఒప్పుకోని పని దొరకలేదని ఆ పిల్లలు కుమిలిపోతారు. పదహారేళ్ల పిల్ల "నాకే ఎందుకు రాదు నాన్నా" అని అడిగితే జవాబు చెప్పడం ఎంత కష్టమో మా ఇంట్లో చూశాను.

మంచి పని నేర్పే చోటు దొరికి, వీసా ఒప్పుకుంటే ఇంటర్న్‌షిప్ చేయించండి, నేను వద్దనను. సాయంత్రం క్లాసూ, పగలు పనీ రెండూ చేసే పిల్లలున్నారు.

నిన్న రాత్రి ఆ చెల్లెలికి ఫోన్ చేశాను. వాళ్లదీ హెచ్-4 ఇల్లే. స్టాటిస్టిక్స్ క్లాసులో ఇంకా సీట్లున్నాయి, తల్లిదండ్రులూ స్కూలువాళ్లూ సంతకం పెట్టిన ఫారం శుక్రవారంలోగా ఇస్తే చాలని చెప్పాను. పొద్దున్నే స్కూలుకి వెళ్తానంది.