ఇంగ్లీష్ సాహిత్యం, చరిత్ర కలిపి చదివితే రెంటికీ చెడతారా?

డిగ్రీ అడ్మిషన్ల సమయంలో వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతుంది. దాని సారాంశం ఇది: "ఇంగ్లీష్ లిటరేచర్, హిస్టరీ కలిపి తీసుకోవద్దు. ఒకటి కల్పన, ఒకటి నిజం, రెండూ పొసగవు. సగం అది, సగం ఇది చదివి రెంటికీ చెడ్డ రేవడి అవుతారు. అసలది బ్రిటిష్ వాళ్లు గుమాస్తాల కోసం పెట్టిన చదువు. ఉద్యోగాలు కూడా రావు." పిల్లలు ఇష్టపడి ఎంచుకున్న కోర్సును ఈ నాలుగు ముక్కలు చదివి మార్పించే తల్లిదండ్రులున్నారు. అందుకే ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

కల్పన ఒకవైపు, నిజం ఒకవైపు అన్నది మొదటి మాట. షేక్‌స్పియర్ 'మాక్బెత్' తీసుకుందాం. అందులో మాక్బెత్ తన ఇంటికి అతిథిగా వచ్చిన ముసలి రాజు డంకన్‌ను నిద్రలో చంపుతాడు. అసలు డంకన్ వయసులో చిన్నవాడు, 1040లో యుద్ధంలో చనిపోయాడు. మాక్బెత్ ఆ తర్వాత 1057 దాకా స్కాట్లాండ్‌ను ఏలాడు. నాటకం అబద్ధం, చరిత్ర నిజం అనేద్దామా? ఆగండి. షేక్‌స్పియర్ ఈ కథను హాలిన్‌షెడ్ చరిత్ర గ్రంథం నుంచి తీసుకున్నాడు. ఆ గ్రంథంలో మాక్బెత్ స్నేహితుడు బాంకోకు కూడా హత్యలో భాగం ఉంది. నాటకంలో మాత్రం బాంకో మచ్చలేని మనిషి. ఎందుకంటే 1603లో ఇంగ్లండ్ గద్దె ఎక్కిన జేమ్స్ రాజు తమ వంశం బాంకో నుంచే వచ్చిందని చెప్పుకునేవాడు. షేక్‌స్పియర్ నాటక బృందానికి పోషకుడు ఆ రాజే. తమాషా ఏమిటంటే, బాంకో అనే మనిషి నిజంగా ఉన్నాడనడానికి ఆధారమే లేదు. 16వ శతాబ్దంలో హెక్టర్ బోయిస్ రాసిన చరిత్రలో మొదటిసారి కనిపిస్తాడు. అంటే కల్పన చరిత్ర పుస్తకంలో పుట్టింది, నాటకంలోకి ఆ తర్వాత వచ్చింది.

హత్య జరిగిన వెంటనే వచ్చే ఘట్టం ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ఎవరో తలుపు బాదుతుంటే, తాగిన మత్తులో ఉన్న కాపలావాడు తాను నరకద్వారం దగ్గర ఉన్నట్టు ఊహించుకుంటూ వస్తాడు. రెండర్థాల ప్రమాణాలు చేసి ఇక్కడ తప్పించుకున్నా, స్వర్గానికి మాత్రం చేరలేకపోయినవాణ్ని లోపలికి రమ్మంటాడు. విడిగా చదివితే అది తాగుబోతు పేలాపన. కానీ 1605 నవంబర్ 5న రాజుతో సహా పార్లమెంటును పేల్చేయాలన్న కుట్ర బయటపడింది. 1606 మార్చిలో హెన్రీ గార్నెట్ అనే క్రైస్తవ గురువుపై ఆ కేసు విచారణ జరిగినప్పుడు, ఇలాంటి రెండర్థాల జవాబుల మీదే పెద్ద రచ్చ అయింది. అది తెలిసి చదివితే అప్పటి ప్రేక్షకులు ఎందుకు ఉలిక్కిపడి ఉంటారో అర్థమవుతుంది. విచారణ రికార్డు ఒక్కటే ఆ భయాన్ని ఇంతగా చెప్పజాలదు. రికార్డు తెలియకపోతే నాటకమూ చెప్పజాలదు.

సగం సగం చదువు అన్న మాటకు జవాబు ఇందులోనే ఉంది. ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్ లాంటి చోట ఈ రెండూ కలిపిన డిగ్రీ ఉంది. అక్కడ దాన్ని ఎవరూ తక్కువ చదువుగా చూడరు. ఉదాహరణకు, ఇంగ్లండ్‌లో 1834 నాటి పేదల చట్టం వెనకున్న వాదన ఏమిటంటే, వర్క్‌హౌస్‌లో, అంటే పేదలకు తిండి, నీడ ఇచ్చి పని చేయించుకునే చోట, బతుకు బయట అందరికంటే తక్కువ సంపాదించే కూలీ బతుకు కన్నా హీనంగా ఉండాలి, అప్పుడే జనం సాయం కోసం ఎగబడరు అని. కాగితం మీద అది చాలా తర్కంగా కనిపిస్తుంది. మూడేళ్లకు డికెన్స్ 'ఆలివర్ ట్విస్ట్' మొదలుపెట్టి, ఇంకాస్త గంజి పోయమని గిన్నె పట్టుకుని నిలబడ్డ పిల్లవాణ్ని చూపించాడు. డికెన్స్ కొంచెం పెంచి రాశాడా అన్నది తేలాలంటే మళ్లీ అప్పటి భోజనాల పట్టికలు చూడాలి. ఇలా ఒకదాన్ని పెట్టి ఇంకోదాన్ని నిలదీయడం సగం చదువు కాదు, రెట్టింపు పని. రెండు డిపార్ట్‌మెంట్లూ ఒకరితో ఒకరు మాట్లాడుకోని కాలేజీలో, గైడ్లు బట్టీపట్టి గట్టెక్కితే మాత్రం ఆ మెసేజ్ అన్నంత పనీ అవుతుంది. ఆ తప్పు మాత్రం కాంబినేషన్‌ది కాదు.

గుమాస్తాల చదువు అన్నదాంట్లో నిజం ఉంది, దాచాల్సిన పనిలేదు. మనవాళ్లకు ఇంగ్లీష్ చదువు చెప్పాలన్న మెకాలే నివేదిక 1835 నాటిది. మద్రాసు, కలకత్తా, బొంబాయి విశ్వవిద్యాలయాలు 1857లో వచ్చాయి. ఆక్స్‌ఫర్డ్‌లో ఇంగ్లీష్ సాహిత్యం విడిగా డిగ్రీ సబ్జెక్ట్ అయింది 1894లో, కేంబ్రిడ్జ్‌లో 1917లో. అక్కడికన్నా ముందే ఇది మనకెందుకు నేర్పారో నిలదీయాలంటే పక్కన చరిత్ర ఉండాల్సిందే కదా! పైగా ఆ చదువుతో మనవాళ్లు ఏం చేశారో చూడండి. విజయనగరం కాలేజీలో గురజాడ ఇంగ్లీష్ వ్యాకరణంతో పాటు గ్రీకు, రోమన్ చరిత్రలూ బోధించారు. 1897లో అచ్చైన 'కన్యాశుల్కం'కు ఇంగ్లీషులో రాసిన ముందుమాటలో లెక్కలు పెట్టారు. విజయనగరం మహారాజా తయారు చేయించిన జాబితా ప్రకారం విశాఖ జిల్లాలో మూడేళ్లలో 1,034 కన్యాశుల్కం పెళ్లిళ్లు. అందులో ఐదేళ్ల పిల్లలు 99 మంది, ఏడాది పసికందులు ముగ్గురు. ఆ పసికందుల వెల 350 నుంచి 400 రూపాయలు. ఆ జాబితా చదివిన తర్వాత లుబ్ధావధాన్లు పెళ్లి బేరం చదివితే నవ్వు గొంతులోనే ఆగిపోతుంది.

ఇక ఉద్యోగాలు. ఇంజనీరింగ్ ప్లేస్‌మెంట్లతో పోలిస్తే క్యాంపస్‌లో ఆఫర్లు తక్కువే, ఆ టెన్షన్ అర్థం చేసుకోదగ్గదే. కానీ దారులు లేవనడం తప్పు. సివిల్స్‌కు ఏ డిగ్రీ అయినా చాలు. మెయిన్స్‌లో లెక్కలోకి వచ్చే 1,750 మార్కుల్లో, మనం ఎంచుకునే ఆప్షనల్ సబ్జెక్టుకు 500. చరిత్ర, ఇంగ్లీష్ సాహిత్యం రెండూ ఆప్షనల్స్ జాబితాలో ఉన్నాయి. వ్యాసానికి 250 మార్కులు, జనరల్ స్టడీస్ మొదటి పేపర్లో చరిత్ర కూడా ఉంటుంది. టీచింగ్, జర్నలిజం, లా, అనువాదం, పబ్లిషింగ్ ఇవన్నీ చదివి, ఆధారం వెతికి, స్పష్టంగా రాయగలిగేవాళ్ల కోసం చూసే రంగాలే.

చేరాలనుకునేవాళ్లు ఒక్క విషయం ముందే కనుక్కోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24లో డిగ్రీలో ఒకటే మేజర్ (ప్రధాన సబ్జెక్ట్), దాని పక్కన మైనర్ (తోడు సబ్జెక్ట్) అనే పద్ధతి వచ్చింది. ఇప్పుడు ఏ పద్ధతి నడుస్తోంది, ఇంగ్లీష్ తీసుకుంటే పక్కన చరిత్ర ఇస్తారా, దాన్ని చెప్పే లెక్చరర్ నిజంగా ఉన్నారా అని ఫీజు కట్టకముందే కాలేజీకి వెళ్లి అడగండి. వీలైతే అక్కడ చదువుతున్న సీనియర్లనూ అడగండి.